సంస్థల యాస్తుల లెక్క: మార్పదగిన చోటును, మార్పరాని చోటును

ఒక పెద్ద సంస్థ యధీనమునందున్న యంత్రములు, కట్టడములు, తీగలు, గొట్టములు మున్నగువాని లెక్కయు, వాని మరమ్మతుల చరిత్రయు కంప్యూటరునందు భద్రపరచు సాఫ్టువేరు ఇప్పుడు దేశమంతటను వ్యాపించియున్నది. దీనిని ఆస్తి నిర్వహణ సాఫ్టువేరని పిలుచుచున్నారు. ఇది అంగడిలో సిద్ధముగా దొరకును. సిద్ధముగా దొరకిన దానిని మన కనువుగా ఎప్పుడు మార్పించుకొనవలెను, ఎప్పుడు మార్పించుకొనరాదు, మార్పించుకొనునప్పు డేరీతిగా మార్పించుకొనవలెను అనునదియే నేటి ప్రసంగ విషయము.

ఇది కార్యాలయములలోని గుమాస్తాలకును ఇంజనీర్లకును మాత్రమే సంబంధించినదని మీరు తలపవచ్చును. అట్లు కాదు. స్తంభ మెక్కు లైనుమాను ప్రాణము, గనిలోనికి దిగు కార్మికుని క్షేమము, చెరువు క్రింది పొలము గల రైతు పంట, ఇవి మూడును ఆ లెక్క సరిగా నుండుటపైనను ఆధారపడియున్నవి.

మన మహబూబాబాదు, జనగామ, భూపాలపల్లి సీమనే తీసికొందము. భూపాలపల్లి చెంత సింగరేణి సంస్థవారి బొగ్గుగనులు గలవు. వానికి కాకతీయ ఖని యని పేరు పెట్టి, నంబరులతో పిలుచుచున్నారు. సమీపమున చెల్పూరునందు కాకతీయ తాపవిద్యుత్కేంద్రము గలదు. అందు 500 మెగావాట్ల యూనిట్టు 2010లో పనికి వచ్చినది. 600 మెగావాట్ల రెండవ యూనిట్టు 2016లో వాణిజ్యోత్పత్తి నారంభించినది. కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గము మహబూబాబాదు, డోర్నకల్లుల మీదుగా సాగుచున్నది. హనుమకొండ కేంద్రముగా గల ఉత్తర తెలంగాణ విద్యుత్పంపిణీ సంస్థవారి ట్రాన్స్‌ఫార్మరులు ఊరూరను, చేనుచేనునను నిలిచియున్నవి. ఇక చెరువులు చెప్పనక్కరలేదు. గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన బయ్యారము చెరువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. ఇన్ని విధముల ఆస్తులు గల సీమ కొక్క అచ్చున పోసిన లెక్క సరిపోవునా యను ప్రశ్న సహజముగా పుట్టును.

ముందుగా ఆ సాఫ్టువేరు చేయు పని యేమో క్లుప్తముగా చెప్పెదను. అది మూడు సంగతులను వేరువేరుగా వ్రాసి పెట్టును. మొదటిది స్థానము, అనగా, నీటిపంపు నిలుచు చోటు. రెండవది పరికరము, అనగా, ఆ చోట నేడున్న పంపు. మూడవది పని, అనగా, ఆ పంపునకు ఏ దినమున ఏమి మరమ్మతు చేయవలెను, ఎవరు చేసిరి, ఏ సామాను పట్టినది, ఎంత వ్యయమైనది అను వివరము. ఈ మూడవదానినే వర్కు ఆర్డరని యందురు. ఈ మూడును కలిసి యొక యంత్రమునకు జాతకము వంటివగును. ఏ యంత్రము మాటిమాటికి చెడుచున్నది, దేనిని బాగుచేయుటకంటె మార్చివేయుటయే మేలు అను నిర్ణయము లీ జాతకమును చూచియే చేయవలెను.

ఇట్టి సాఫ్టువేరులలో ప్రసిద్ధమైన మాక్సిమో 1985లో అమెరికాలో వెలువడినది, 2006లో ఐ.బి.ఎం. వారు దానిని కొనిరి. జర్మనీలో 1972లో పుట్టిన శాప్ సంస్థవారి సాఫ్టువేరునందును యంత్రముల మరమ్మతులకు ప్రత్యేక విభాగము గలదు. మన సింగరేణి సంస్థయు శాప్ సాఫ్టువేరునే వాడుచున్నది. ఇవి ప్రపంచమునందలి వేలకొలది కర్మాగారముల అనుభవమును వడపోసి చేసినవి. కాని వానిని రచించినవారు మన మత్తడిని చూచినవారు కారు, మన చేలలోని మోటారు స్టార్టరుల నెరిగినవారును కారు. కాబట్టి ఎక్కడనో యొకచోట కొరత కనబడక తప్పదు.

కొరత కనబడగానే రెండు విధముల వాదములు బయలుదేరును. ఒకరు, “డబ్బు పెట్టి కొంటిమి, మేము చేయు పద్ధతికే దీనిని తిప్పవలెను” అందురు. వేరొకరు, “దీనిని ముట్టరాదు, ఇచ్చినది యిచ్చినట్లే వాడుడు” అందురు. రెండును తొందరపాటు మాటలే.

మొదటివారి మార్గమున ఎంత నష్టము కలుగునో జర్మనీలోని లిడ్ల్ అను పెద్ద వర్తకసంస్థ కథ తెలుపును. వారు 2011లో శాప్ సాఫ్టువేరును పెట్టుకొన నారంభించిరి. ఆ సాఫ్టువేరు సరకును అమ్మకపు ధరతో లెక్కించు రీతిగా నుండెను. లిడ్ల్ వారికి కొన్న ధరతో లెక్కించుట అలవాటు. తమ యలవాటును విడువక సాఫ్టువేరునే మార్పింప బూనిరి. మార్పుపై మార్పు పెరిగి, తుదకు 2018లో ఆ ప్రయత్నమును పూర్తిగా విడిచిపెట్టిరి. అప్పటికి దాదాపు 50 కోట్ల యూరోలు వ్యయమైనట్లు పత్రికలు ప్రకటించినవి. ఇది వర్తకపు లెక్కయే కాని యంత్రముల లెక్క కాదు; అయినను పాఠ మొక్కటియే.

రెండవవారి మార్గమునను హాని లేకపోలేదు. సాఫ్టువేరు పనికి ఇమడనప్పుడు పని యాగదు. పనివాడు జేబులో వేరొక నోటుపుస్తకము పెట్టుకొనును. కంప్యూటరులో అధికారులు చూచుటకొక లెక్క, నోటుపుస్తకమున నిజమైన లెక్క, ఇట్లు రెండు లెక్క లేర్పడును. ఆ పనివాడు బదిలీయైన నాడు నిజమైన లెక్క అతనితోనే పోవును. కావున ఒక కార్యాలయమున రహస్యపు నోటుపుస్తకములు పెరుగుచున్నవనిన, సాఫ్టువేరులో ఏదో మార్పు కావలసియున్నదని గ్రహింపవలెను.

అయినచో నిర్ణయ మెట్లు? ఈ కోరిక యెక్కడినుండి వచ్చినదని యడుగుటయే మొదటి పని. మార్పు కోరు కారణములు మూడు విధములు: అలవాటు, నేల స్వభావము, ప్రాణరక్షణకును చట్టమునకును సంబంధించిన నియమము. మూడింటిని ఒక్క త్రాసున తూచరాదు.

అలవాటునుండి పుట్టిన కోరిక కొక యుదాహరణము. విద్యుత్కేంద్రములో నొక మోటారు కాలిపోయినది. దానిని తీసి, వైండింగు చుట్టించుటకు పంపి, నిలువలోని వేరొక మోటారును బిగించిరి. బాగుపడి వచ్చిన మోటారును కొన్నాళ్లకు మరియొక చోట బిగించిరి. పాత రిజిస్టరులో “ఫలాని పంపు మోటారు” అని చోటు పేరనే వ్రాయుట వాడుక. ఆ వాడుకచొప్పున చోటును పరికరమును ఒక్కటిగా కలిపివేయుమని సిబ్బంది కోరుదురు. కలిపితిమా, ఒకే మోటారు మూడు చోట్ల మూడు మారులు కాలినను మనకు తెలియనే తెలియదు. ప్రతిచోటను ఒక్కమారే కాలినట్లు కనబడును. ఇచ్చట సాఫ్టువేరు మనకంటె ముందుచూపు గలది. మారవలసినది మన యలవాటే.

నేల స్వభావమునుండి పుట్టిన కోరిక అట్టిది కాదు. కర్మాగారములోని యంత్రము నాలుగు గోడల నడుమ నుండును. మన చెరువు లట్లు కాదు, గొలుసుకట్టుగా నుండును. పైచెరువు మత్తడి దూకిన నీరు క్రిందిచెరువును చేరును. పైచెరువు కట్ట తెగిన, దాని క్రింది చెరువు, దాని క్రింది బాట, దాని క్రింది వంతెన వరుసగా ప్రమాదమున పడును. 2024 సెప్టెంబరు 1వ తేదీన మహబూబాబాదు జిల్లాలో కురిసిన కుంభవృష్టికి కేసముద్రము సమీపమున రైలుకట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు ఆధారము లేక వ్రేలాడినవి. దక్షిణోత్తరములను కలుపు ముఖ్యమార్గమున రైళ్లు నిలిచిపోయినవి. రైల్వేవారు రేయింబవళ్లు పనిచేసి కొన్ని దినములలోనే మార్గమును పునరుద్ధరించిరి. ఇట్టి సీమలో రైలువంతెన లెక్క వ్రాయువారికి దాని పైభాగమున నున్న చెరువు లెవ్వియో, చెరువు లెక్క వ్రాయువారికి దాని క్రిందనున్న వంతెన లెవ్వియో తెలిసియుండుట అవసరము. ఈ కోరిక నేల పుట్టించిన కోరిక, న్యాయమైనది.

కాని న్యాయమైన కోరిక యనగానే సాఫ్టువేరును కోసి కుట్టనక్కరలేదు. ఒక వస్తువును వేరొక వస్తువుతో ముడివేసి, “దీని నుండి దానికి నీరు పోవును” అని వ్రాయు వసతి అనేక సాఫ్టువేరులలో ముందే కలదు. అంగట్లో అన్నీ ఉన్నను అల్లుని నోట శని యున్నట్లు, ఉన్న వసతిని వెదకి చూడక క్రొత్తదానికై డబ్బు పోయుట మన కార్యాలయములలో తరచుగా జరుగు పొరపాటు.

పేర్ల విషయమునను నేలను గమనింపవలెను. మన సీమలో మత్తడి యనుదానిని వేరొక సీమలో అలుగనియు, మరియొక సీమలో కలుజనియు, మరువ యనియు అందురు. తెరపై పనివానికి తెలియని మాట కనబడిన అతడు తప్పు వ్రాయును. యంత్రము చెడుటకు కారణము నెన్నుకొనవలసిన పట్టికలో ఇక్కడి నిజమైన కారణములు లేనియెడల అందరును చివరనున్న “ఇతరములు” అను దానినే నొక్కుదురు. ఏడాది తిరుగునప్పటికి ట్రాన్స్‌ఫార్మరు లన్నియు “ఇతరముల” చేతనే కాలినవని తేలును! అధిక భారముచేత కాలినది, నూనె తరిగి కాలినది, పిడుగుచేత కాలినది, ఈ భేదమును తెలుపని లెక్క లెక్కయే కాదు. ఈ పట్టికను స్థానికముగా దిద్దుకొనుట తప్పక చేయదగిన పని. దీనికి ప్రోగ్రామును తాకనక్కరలేదు.

మూడవది ప్రాణరక్షణ, చట్టము. ఇచ్చట సందేహమునకు తావు లేదు. గనిలో మీథేను వాయువుండు చోట వాడు విద్యుత్పరికరములు నిప్పురవ్వ బయటకు పోకుండ ప్రత్యేకముగా నిర్మింపబడియుండును. అట్టి స్విచ్చిని విప్పి బాగుచేసిన పిమ్మట, అర్హత గలవాడు పరీక్షించి సంతకము చేయువరకు ఆ వర్కు ఆర్డరు ముగియరాదు. సిద్ధ సాఫ్టువేరులో ఈ యడ్డు లేనియెడల దానిని పెట్టించవలెను. ఎంత వ్యయమైనను పెట్టించవలెను.

లైనుమాను సంగతియు నట్టిదే. అతడు స్తంభ మెక్కుటకు ముందు సబ్‌స్టేషనునుండి ఎల్.సి. తీసికొనును, అనగా, ఆ లైనులో విద్యుత్తును ఆపితిమను అనుమతి. మన పల్లెలలో కొన్నిచోట్ల ఒకే స్తంభముపై రెండు ఫీడరుల తీగలు పోవుచుండును. ఒక ఫీడరునకు ఎల్.సి. తీసికొని ఎక్కినవానికి రెండవ తీగ మృత్యుపాశమగును. చుట్టును కంచె గల కర్మాగారమును దృష్టిలో నుంచుకొని చేసిన అనుమతిపత్రములో “ఈ స్తంభముపై వేరొక ఫీడరు కలదా?” యను ప్రశ్న ఉండకపోవచ్చును. ఆ యొక్క ప్రశ్నను చేర్చి, జవాబు వ్రాయనిదే అనుమతి వెలువడకుండ చేసిన, ఆ మార్పు సార్థకము. ఒక సంస్థ తన సాఫ్టువేరులో ఇరువది మార్పులు కోరి యొక్కదానికే ధన మున్నదనిన, ఆ యొక్కటి ఇట్టిదై యుండవలెను.

ఇంతవరకు ఎప్పుడు మార్పవలెనో చెప్పితిని. ఇక ఎట్లు మార్పవలెనో చెప్పెదను. మార్పునకు మూడు మెట్లు గలవు. సాఫ్టువేరు తానే యిచ్చిన వసతులతో పేర్లు, పట్టికలు, గడులు, అనుమతుల క్రమము దిద్దుకొనుట మొదటి మెట్టు. సాఫ్టువేరును తాకక, ప్రక్కన చిన్న ప్రోగ్రామును నిలిపి దానితో కలుపుట రెండవ మెట్టు. వాననీటి కొలతలను తెచ్చి చెరువు పుట కందించు ప్రోగ్రామువంటిది. లోపలి ప్రోగ్రామునే విప్పి తిరుగవ్రాయుట మూడవ మెట్టు. మొదటి మెట్టున తీరు పనికి రెండవది యెక్కరాదు; రెండవదానితో తీరు పనికి మూడవది యెక్కరాదు.

మూడవ మెట్టు నెందుకింతగా వారింతు ననగా, సాఫ్టువేరు ఒకచోట నిలుచునది కాదు. చేసినవారు క్రొత్త రూపములను తెచ్చుచుందురు. పాతవానికి సాయము నిలుపుదురు. శాప్ వారు తమ పాత సాఫ్టువేరునకు సాధారణ సహాయము 2027 చివర ముగియునని 2020లోనే ప్రకటించిరి. లోపలి ప్రోగ్రామును మార్చుకొనిన సంస్థలు క్రొత్తదానికి మారునప్పుడు తాము వ్రాయించిన ప్రతి పంక్తిని మరల పరీక్షింపవలసియున్నది. వ్రాసినవారు వెడలిపోయి యుందురు. ఎందుకు వ్రాసిరో చెప్పువా రుండరు. గుర్రము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదన్నట్లు, ఎవరును వాడని మార్పునకును ఏటేట ఖర్చు తప్పదు.

చట్టములును మారుచుండును. బాయిలరుల పరీక్షకై 1923లో చేసిన చట్టము స్థానమున 2025లో క్రొత్త చట్టము వచ్చినది. చట్టపు నియమములను లోపలి ప్రోగ్రాములో పాతిపెట్టినవారు త్రవ్వి తీయవలసియుండును. పట్టికలో వ్రాసి పెట్టుకొనినవారు పట్టికను దిద్దుకొందురు. మారుటకు వీలున్న సంగతిని మార్చుటకు సులభమైన చోటనే యుంచవలె నను సూత్ర మిందుండి తేలుచున్నది.

ఈ సూత్రమునకు మన సీమయే గొప్ప నిదర్శనము. ఆస్తి కిచ్చు నంబరులో జిల్లా పేరును ఇమిడ్చుట అనేకులకు ముచ్చట. పాలంపేటలోని రామప్పచెరువు 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలో నుండెను. ఆ నెల 11వ తేదీన క్రొత్త జిల్లాలు వెలసినప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరెను. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా యేర్పడగా దానిలోనికి పోయెను. బయ్యారము చెరువు 2016లో ఖమ్మము జిల్లా నుండి మహబూబాబాదు జిల్లాకు వచ్చెను. చెరువు లొక్క అంగుళమైనను కదలలేదు. జిల్లా పేరు నంబరులో కలిసియుండినచో రామప్పకు మూడేండ్లలో మూడు నంబరులు వచ్చియుండెడివి. పాత మరమ్మతుల చరిత్ర యొక పేరనుండి, క్రొత్తది వేరొక పేరనుండెడిది. కాబట్టి నంబరు ఎన్నటికిని మారని ఉత్త నంబరుగా నుండవలెను. జిల్లా, మండలము, అధికారి పేరు ప్రక్కగడిలో నుండవలెను.

ఇక ఆచరణలో పాటింపదగిన నియమములు నాలుగు.

మొదటిది: చేయు ప్రతి మార్పును ఒక రిజిస్టరునం దెక్కింపవలెను. ఎవరు కోరిరి, ఏ కారణముచేత కోరిరి, చేయకున్న నేమి నష్టము, ఎవరు చేసిరి, మరల ఎప్పుడు పరిశీలింపవలెను, ఈ యైదు సంగతులును తెలుగుననే స్పష్టముగా వ్రాయవలెను. కారణము వ్రాయలేని మార్పును చేయనే కూడదు.

రెండవది: మార్పును నిర్ణయించు సభలో పనిముట్టు పట్టువాడు తప్పక కూర్చుండవలెను. కొలువుకూటములలో అధికారులు మాత్రమే కూర్చుండి కోరు మార్పులు చాలవరకు నివేదికల సొగసునకై పుట్టును. ఒక్క నివేదికకై ఫిట్టరుచేత పది గడులు నింపించుట న్యాయము కాదు. మార్పు వలన అతని వ్రాత తగ్గెనా, పెరిగెనా యని చూడవలెను. పెరిగినయెడల, దానికి తగిన రక్షణ యతనికి కలిగెనా యని యడుగవలెను.

మూడవది: ముందు ఒక్కచోట పరీక్షింపవలెను. ఒక గని, ఒక సబ్‌స్టేషను, ఒక చెరువుల గొలుసు తీసికొని, వానకాలమొకటి గడచువరకు చూచి, పిమ్మట తక్కినచోట్లకు వ్యాపింపజేయవలెను. మన సీమలో వానకాలము గడవని పరీక్ష పరీక్ష కాదు.

నాలుగవది: మార్పులను తీసివేయుటయు నేర్వవలెను. ఏటేట రిజిస్టరు తెరచి, పని తీరిన మార్పులను, సాఫ్టువేరు క్రొత్తరూపములో దానంతట వచ్చిన వసతులకు సమానమైన మార్పులను తొలగింపవలెను. చేర్చుటకు చూపు ఉత్సాహములో సగమైనను తీసివేయుటకు చూపినచో లెక్క తేటగా నిలుచును.

శ్రోతలారా! సారాంశ మిది. అలవాటు కోరినప్పుడు మనము మారవలెను. నేల కోరినప్పుడు ఉన్న వసతులతో దిద్దుకొనవలెను. ప్రాణము, చట్టము కోరినప్పుడు వెనుదీయక మార్పవలెను. అప్పుడును సాధ్యమైనంత పైపొరనే మార్పవలెను. మన ప్రాంతమున నేడు సంస్థలు క్రొత్త సాఫ్టువేరులను కొనుచున్నవి, పాతవానిని మార్చుచున్నవి. ఆ కార్యమున పాల్గొను ఇంజనీర్లును, గుమాస్తాలును, యువకులును ఎవరైన మార్పు కోరిన వెంటనే “చేయగలమా?” యని కాక, “ఎవరికొరకు?” అని ముందడుగుదురు గాక. చేయగలుగుట నేడు కష్టము కాదు. ఎవరికొరకో తెలిసి చేయుటయే వివేకము.